పేరు మూసి లెక్క చూడండి: ప్రధానికి మార్కులు వేసే మా ఇంటి పద్ధతి

దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి అలయ్ బలయ్ తీసుకున్న పది నిమిషాలకే మా ఇంట్లో గొడవ మొదలవుతుంది. మా తమ్ముడిది ఒక పార్టీ, మా అల్లుడిది ఇంకో పార్టీ. "మా ఆయన ఉన్నప్పుడు జీడీపీ ఎంతుండె తెలుసా అల్లుడా?" అని తమ్ముడు. "ముందు పెట్రోల్ రేటు సంగతి చెప్పు చిన్నమామా" అని అల్లుడు. ఇద్దరి ఫోన్లలోనూ అంకెలే. విచిత్రమేమిటంటే వాటిలో చాలావరకు నిజం అంకెలే. మూడేళ్ల కింద మా ఇంటామె గారెల పళ్లెం ఇద్దరి మధ్యలో పెట్టి, నా వైపు తిరిగి, "ముప్పై ఏండ్లు లెక్కల నౌకరీ చేసిన్రు గదా, ఈ పంచాయితీ జర తెంపుండ్రి" అంది.

నేను గణాంక శాఖలో పనిచేసి రిటైరయ్యాను. దేవరకొండ వైపు కొన్నేళ్లు, నారాయణపేట వైపు కొన్నేళ్లు, చివరికి నల్లగొండ. పంట కోత ప్రయోగాలు, వర్షపాతం, ధరలు, ఇంటింటి సర్వేలు, ఇదీ నా పని. ఢిల్లీలో అచ్చయ్యే అంకెకు ఒక కొస నాలాంటి వాళ్ల చేతిలో ఉంటుంది. ఆ పంచాయితీ తెంపడానికి నేను తయారు చేసిన పద్ధతి ఇది. గొడవ పూర్తిగా ఆగలేదు కానీ, గారెలు చల్లారకముందే తినగలుగుతున్నాం.

కాగితం తయారు చేయడం

అన్నిటికంటే ముందు చేయాల్సింది, ఏ అంకెలు చూస్తామో, ఏది ఎటు పోతే మంచిదంటామో రాసుకోవడం. అంకెలు తీయకముందే రాసుకోవాలి. మా తమ్ముడు తన నాయకుడి కాలంలో రోడ్లు పడ్డాయని తెలిసి "రోడ్లే అసలు కొలత" అంటాడు. అల్లుడు తన నాయకుడి కాలంలో కూలి రేట్లు పెరిగాయని తెలిసి "కూలే అసలు కొలత" అంటాడు. ఫలితం తెలిశాక కొలత ఎంచుకోవడమంటే వడ్లు తూచాక కాంటా సరిచేసుకోవడమే.

మేం ఆరు వరుసలు పెట్టుకున్నాం: మనిషి తలకు జీడీపీ ఎంత పెరిగింది, ధరలు ఎంత పెరిగాయి, పని దొరికిందా, పల్లెటూరి కుటుంబం ఖర్చు పెట్టగలుగుతోందా, కేంద్రం ఎంత అప్పు చేసింది, విదేశీ మారక నిల్వలు (దిగుమతులకు కట్టడానికి దేశం దగ్గరున్న డాలర్ల లాంటి డబ్బు) ఎంత. మీకు నచ్చినవి మీరు పెట్టుకోండి. పిల్లల ఎత్తూ బరువూ పెడతానన్నా నాకు అభ్యంతరం లేదు, నిజానికి అది మంచి కొలత. షేర్ మార్కెట్ సూచీ మాత్రం మేం పెట్టలేదు. మా వీధిలో షేర్లున్న ఇల్లు ఒక్కటే, అది కూడా అల్లుడు వచ్చినప్పుడే.

అంకెలు దొరకడం కష్టమేం కాదు. రిజర్వ్ బ్యాంకు ఏటా భారత ఆర్థిక వ్యవస్థ గణాంకాల హ్యాండ్‌బుక్ వేస్తుంది, డబ్బు కట్టనవసరం లేదు. బడ్జెట్‌కు ముందు వచ్చే ఆర్థిక సర్వే చివర పట్టికలుంటాయి. కేంద్ర గణాంక శాఖ వెబ్‌సైట్ ఉంది. వాట్సాప్‌లో వచ్చిన అంకె ఈ మూడింట్లో ఎక్కడో ఒకచోట కనిపిస్తేనే కాగితం మీదికి ఎక్కాలి. ఈ ఒక్క నియమంతోనే సగం సరుకు గాలికి పోతుంది. "1947లో డాలరుకు ఒక్క రూపాయే" అన్నది అట్లా పోయింది. అప్పుడు మన రూపాయి పౌండుకు ముడిపడి ఉండేది, లెక్కేస్తే డాలరుకు 3 రూపాయల 30 పైసలు.

తర్వాత ఒక్కో పాలనాకాలానికి ఒక్కో కాగితం. పేరు రాయొద్దు, సంవత్సరాలు కూడా రాయొద్దు. క, చ, ట, త, ప అని గుర్తులు పెట్టి, అసలు పేరు వెనుక రాసి పైన తెల్లకాగితం అంటించాలి. మైనస్ 5.8 ఉన్న కాగితం చూడగానే మా తమ్ముడు "ఇది కరోనా ఏడు" అని పట్టేశాడు. మరుసటి ఏడాది నేను 1979-80 కాగితం కూడా కలిపాను. అప్పుడు కరువూ చమురు ధరల దెబ్బా కలిసి వృద్ధి మైనస్ 5.2కు పడింది. రెండు మైనస్‌లు చూసి ఇద్దరూ తికమక పడ్డారు.

ఆ ఏడు ఎవరి ఖాతాలో?

ఆ 1979-80తోనే ఇంకో చిక్కు వచ్చింది. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి దాకా. ఆ ఒక్క ఏడాదిలో మొరార్జీ దేశాయ్, చరణ్ సింగ్, ఇందిరాగాంధీ, ముగ్గురు ప్రధానులు. మైనస్ ఎవరికి వేద్దాం?

మా జిల్లా వాళ్లకు ఈ సంగతి కాలువ గట్టు మీదే అర్థమవుతుంది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన చేసింది నెహ్రూ. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలింది ఇందిర. మన వైపు వచ్చే ఎడమ కాలువకు ఉన్న పేరు లాల్ బహదూర్ శాస్త్రిది. మిర్యాలగూడ రైతు మిల్లు వాకిట్లో పోసిన వడ్ల రాశిని ఏ ప్రధాని కాగితం మీద రాయాలి? పెద్ద పెట్టుబడి ఫలితం పదేళ్లకు గానీ పంటగా మారదు, అప్పటికి కుర్చీలో వేరే మనిషి ఉంటాడు. అందుకే ప్రతి కాగితం కింద రెండు గీతల జాగా వదలండి: "చేతికి వచ్చినప్పుడు ఎట్లుంది", "అప్పగించినప్పుడు ఎట్లుంది".

పీవీ కాగితం చూస్తే ఈ రెండు గీతల విలువ తెలుస్తుంది. 1991 జూన్ 21న ఆయన ప్రమాణం చేసేనాటికి దేశం దగ్గరున్న విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు మించి లేదు. జులైలో 47 టన్నుల బంగారం బయట తాకట్టు పెట్టారు. ఆ ఏడాది వృద్ధి ఒక శాతం చిల్లర. ఆ ఒక్క ఏడుతో మార్కులు వేస్తే సున్నా. 1996 మార్చికి వచ్చేసరికి విదేశీ కరెన్సీ నిల్వలే 17 బిలియన్ డాలర్లు, వృద్ధి 7 శాతం పైన. మధ్యలో ఇంకోటి కూడా ఉంది, అది కూడా రాయాలి: 1991 బడ్జెట్‌లో ఎరువుల ధరలు 40 శాతం పెంచుతామని చెప్పి, గొడవ అయ్యాక 30కి తగ్గించారు. మా నాయన యూరియా బస్తా దగ్గర నిలబడి తిట్టిన తిట్లు నాకింకా గుర్తు. పీవీని పొగిడేటప్పుడు ఆ బస్తా మాట పెద్దగా ఎవరూ ఎత్తరు.

కొత్త ప్రధాని వచ్చిన ఆర్థిక సంవత్సరాన్ని మేం పాత ఆయనకు సగం, కొత్త ఆయనకు సగం పంచుతాం. ఇందులో గొప్ప తర్కమేం లేదు. గొడవ తగ్గుతుంది, అంతే.

కరువు తర్వాతి ఏడు అందరూ మొనగాళ్లే

పంట కోత ప్రయోగమంటే, పొలంలో లాటరీ పద్ధతిలో ఒక చోటు ఎంచి, ఐదు మీటర్లకు ఐదు మీటర్లు తాడు కట్టి, ఆ మడి కోసి, కొట్టి, తూచడం. దేవరకొండ వైపు ఒక ఊళ్లో 2002 వానకాలంలో నేను కట్టిన మడిలో ఆరు కిలోల వడ్లు వచ్చాయి. దేశమంతా కరువు, వానలు 19 శాతం తక్కువ. మరుసటి ఏడు అదే ఊళ్లో పన్నెండు కిలోలు. పై ఆఫీసు నుంచి వచ్చిన నోట్‌లో "మండలంలో దిగుబడి రెట్టింపు" అని ఉంది. నా పాత డైరీలో 2001 లెక్క పదమూడు కిలోలు. ఆ మాట చెబుదామని పోయాను. "అది అవసరం లేదు, నిరుటితోనే పోల్చాలి" అన్నారు. నాకప్పుడు ఎదురు చెప్పే వయసు లేదు, ధైర్యం అసలే లేదు.

దేశం స్థాయిలో కూడా అదే జరిగింది. 2002-03లో వృద్ధి 4 శాతం దగ్గర, 2003-04లో 8 దగ్గర. ఆ ఊపులో "ఇండియా షైనింగ్" అని ప్రచారం చేసి, ఎన్నికలు ముందుకు జరిపి, 2004లో వాజ్‌పేయి ప్రభుత్వం ఓడింది. అట్లాగే 2020-21లో మైనస్ 5.8, మరుసటి ఏడు 9.7. ఒకరు మైనస్ పట్టుకుని ఊపుతారు, ఇంకొకరు 9.7 పట్టుకుని ఊపుతారు. రెండు ఏళ్లూ కలిపి చూడండి: వంద రూపాయలు 94.2కు పడి, అక్కడి నుంచి 103.3కు లేచింది. రెండేళ్లలో పెరిగింది మూడు రూపాయల చిల్లర. ఒక్క ఏడాది అంకె ఎవరు చెప్పినా, "దాని ముందు ఏడు ఎంత?" అని అడగండి. ఐదేళ్ల సగటు తీసుకోవడం ఇంకా మేలు.

సగటు తీసేటప్పుడు ఒక గుంత ఉంది, చూసి నడవండి. ఆధార సంవత్సరం, అంటే ఏ ఏటి ధరలతో లెక్క కడతారో ఆ ఏడు, మార్చినప్పుడల్లా పాత అంకెలూ మారతాయి. ఒక్కో ఆధారంతో కట్టిన అంకెల వరుసను సిరీస్ అంటారు. 2008-09 వృద్ధి పాత సిరీస్‌లో 6.7, 2018లో వేసిన కొత్త సిరీస్‌లో 3.1. 2013-14ది 4.7 అన్నారు, 2015 జనవరిలో లెక్క మార్చాక 6.9 అయింది, తర్వాత 6.4 దగ్గర నిలిచింది. మీ ఎదుటివాడి అంకె మీ అంకెతో కలవకపోతే అబద్ధం అనకండి, ఏ సిరీస్ అని అడగండి. రెండు సిరీస్‌లను అతికి ఒకే గీత గీసిన బొమ్మ కనిపిస్తే మాత్రం పక్కన పడేయండి.

ధరను కడిగేయడం

ఇది కాస్త ఓపికగా చదవండి, మా ఇంట్లో ఎక్కువ పనికొచ్చింది ఇదే.

తమ్ముడు ఒకనాడు వడ్ల మద్దతు ధర పట్టిక తెచ్చాడు. సాధారణ రకం క్వింటాలుకు 2013-14లో 1310 రూపాయలు, 2023-24లో 2183. "873 రూపాయలు పెంచిండు అన్నా, దగ్గర దగ్గర 67 శాతం!" నిజమే. నేను దాని పక్కన వినియోగదారుల ధరల సూచీ, అంటే ఇంటి సరుకుల బుట్ట ఖరీదు ఎంత పెరిగిందో చూపే అంకె, రాశాను. 2012ని వంద అనుకుంటే 2013-14 సగటు 112, 2023-24 సగటు 184. ఇప్పుడు 2183ను 112తో గుణించి 184తో భాగించమన్నాను. ఫోన్‌లో కొట్టాడు. 1329 వచ్చింది. అంటే పాత రూపాయల్లో క్వింటాలుకు పెరిగింది పందొమ్మిది రూపాయలు. తమ్ముడు రెండోసారి కొట్టి చూశాడు, అదే వచ్చింది.

అల్లుడు నవ్వుతుంటే అతని పట్టిక కూడా తీశాను. 2003-04లో 550, 2013-14లో 1310. రెండింతలు దాటింది. ఆ పదేళ్లలో వ్యవసాయ కూలీల ధరల సూచీ కూడా రెండింతలు దాటింది. పైన మిగిలింది కొద్దే. ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. నాకు ఆ దసరా బాగా గుర్తుండిపోయింది.

రూపాయల్లో చెప్పే దేన్నయినా ఇట్లాగే కడగాలి: బడ్జెట్ కేటాయింపు, కూలి, జీతం, తలసరి ఆదాయం. "చరిత్రలో ఎన్నడూ లేనంత" అని చెప్పే అంకె సాధారణంగా కడగని అంకె. ధరలు పెరిగే దేశంలో ప్రతి ఏడాది బడ్జెట్టూ చరిత్రలోనే పెద్దది.

ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధరలు తగ్గాయని కాదు. పెరిగే వేగం తగ్గింది, అంతే. పోయిన ఏడు ఎక్కిన ధర అక్కడే కూర్చుని ఉంటుంది. పైగా 2012 సిరీస్‌లో సూచీ బుట్టలో తిండి, పానీయాల వాటా 46 శాతం దగ్గర. రోజు కూలీ ఇంట్లో తిండి వాటా అంతకంటే ఎక్కువ. అందుకే మేం మొత్తం సూచీ ఒక గడిలో, తిండి సూచీ పక్క గడిలో రాస్తాం. తిండి సూచీ చూసి మా ఇంటామె తల ఊపితే ఆ అంకె సరైందే.

తలకు ఎంత అన్నప్పుడు, ఎవరి తల?

వృద్ధిలోంచి జనాభా పెరుగుదల తీసేయడం సులువు. 1981-91 మధ్య జనాభా ఏడాదికి 2 శాతం పైన పెరిగేది, ఇప్పుడు ఒక శాతం అటూ ఇటూ. కాబట్టి అప్పటి 6, ఇప్పటి 6 ఒకటి కావు. అసలు మోసం తలసరిలో కాదు, సగటులో ఉంది.

2016 అక్టోబర్ 11, అదీ దసరా రోజే, కొత్త జిల్లాలు వచ్చాయి. అప్పటిదాకా పాలమూరు జిల్లాలో ఉన్న ఆమనగల్లు, మాడ్గుల, తలకొండపల్లి రంగారెడ్డి జిల్లాలోకి పోయాయి. గచ్చిబౌలి ఐటీ కంపెనీలున్న శేరిలింగంపల్లి కూడా అదే జిల్లా. మాడ్గుల రైతు రాత్రి పడుకుని పొద్దున లేచేసరికి రాష్ట్రంలోనే సంపన్న జిల్లా మనిషయ్యాడు. బోరు మాత్రం అదే బోరు. దేశం తలసరి ఆదాయం కూడా ఇట్లాంటిదే. దాని పక్కన మధ్యలో ఉన్న కుటుంబం ఎట్లుందో చూపే అంకె ఒకటి తప్పకుండా ఉండాలి. అది గృహ వినియోగ ఖర్చు సర్వే పట్టికల్లో దొరుకుతుంది. ఆ సర్వేలో పైకి కనిపించే అంకెలు, 2022-23లో పల్లెల్లో మనిషికి నెలకు 3773 రూపాయలు, పట్టణాల్లో 6459, ఇవి కూడా సగటులే. జనాన్ని ఖర్చు వరుసలో పేర్చిన పట్టికలో మధ్య వరుస చూడాలి.

ఇక్కడ మాత్రం నాకు నిజంగా కోపం వస్తుంది. ఈ సర్వే 2011-12 తర్వాత 2017-18లో జరిగింది. డేటా నాణ్యత సరిగా లేదని ప్రభుత్వం ఆ ఫలితాలు విడుదల చేయలేదు. 2021లో రావాల్సిన జనాభా లెక్క కూడా ఆ ఏడు రాలేదు. ఎండలో ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపినవాణ్ణి, అందుకే అంటున్నా: లెక్క బాగాలేకపోతే లోపాలు రాసి బయట పెట్టాలి. మా కాగితంలో ఆ గడి ఖాళీగా వదలం, సున్నా వేయం. ఎర్ర పెన్నుతో "లెక్క లేదు" అని రాస్తాం. తమ్ముడు మొదట ఒప్పుకోలేదు. "రేపు అల్లుడి పార్టీ వాళ్లు కూడా ఇట్లనే దాస్తే?" అని నేనన్నాక ఒప్పుకున్నాడు.

పని ఉందా అని అడిగితే

నారాయణపేట వైపు సర్వేకు పోతే, జాబితాలో ఉన్న ఇంటికి తాళం ఉండేది. పక్కింటి ముసలమ్మ "బొంబాయి పోయిండ్రు సారూ, పండుగకొస్తరు" అనేది. నియమం ప్రకారం ఆ ఇంటికి బదులు ఇంకో ఇల్లు తీసుకునేవాణ్ణి. ఊరి లెక్కలో ఊళ్లో ఉన్నవాళ్లే మిగిలేవాళ్లు. తెరిచి ఉన్న ఇంట్లో ఆడమనిషిని "ఏం పని చేస్తరమ్మా" అంటే "ఏం చేస్త సారూ, ఇంట్లనే ఉంట" అనేది. మళ్లీ అడిగితే బర్రె పాలు పిండుతుంది, చేన్లో కలుపు తీస్తుంది, పత్తి ఏరుతుంది. జీతం లేకపోయినా ఇంటి పొలంలో చేసే పని సర్వే లెక్కలో ఉపాధే. రెండో ప్రశ్న అడిగితే ఆమెకు పని ఉంది, అడగకపోతే లేదు.

అందుకే నిరుద్యోగం అంకెను ఒంటరిగా రాయొద్దు. మూడు కలిపి రాయాలి. నిరుద్యోగం 2017-18లో 6.1 శాతం, 2023-24లో 3.2. పనిలో ఉన్న, పని వెతుకుతున్న ఆడవాళ్ల వాటా అదే కాలంలో 23.3 నుంచి 41.7కు పెరిగింది. వ్యవసాయంలో ఉన్న పనివాళ్ల వాటా 2018-19లో 42.5 ఉంటే 2023-24కు 46.1. తమ్ముడు మొదటి రెండూ చదివి ఆగుతాడు, అల్లుడు మూడోదానితో మొదలుపెడతాడు. మూడూ చదివితే కనిపించేది: పనిలో ఉన్నవాళ్లు పెరిగారు, ఎక్కువమంది పొలంలోకే వచ్చారు. అది ఉపాధి పెరగడమా, దిక్కులేక తిరిగి రావడమా అన్నది కూలి రేటును కడిగి చూస్తే కొంత తెలుస్తుంది.

ఉపాధి హామీ అంకె ఇంకా చిత్రమైనది. 2006లో మొదటి విడత 200 జిల్లాల్లో పాలమూరు, నల్లగొండ రెండూ ఉన్నాయి. 2020-21లో దేశంలో 389 కోట్ల పనిదినాలు, అంతకుముందు ఏడు 265 కోట్లు. ఒకడు "ఇంతమందికి పనిచ్చాం" అంటాడు, ఇంకొకడు "ఇంతమందికి వేరే పని దొరకలేదు" అంటాడు. రెండూ ఒకే అంకె నుంచి. పెరిగితే మంచో చెడో ముందే తేల్చుకోలేని అంకెకు మేం మార్కులు వేయం, పక్కన రాసి పెట్టుకుంటాం.

వానా, చమురూ, అప్పూ

ముడిచమురు 2014 మధ్యలో పీపా వంద డాలర్ల పైన, 2016 జనవరికి 30కి కింద. అది ఏ ప్రధాని గొప్పా కాదు. అది పడినప్పుడు ఏం చేశారన్నది మాత్రం ఆయన నిర్ణయమే. 2014 నవంబర్ నుంచి 2016 జనవరి దాకా ఎక్సైజ్ సుంకం తొమ్మిదిసార్లు పెంచారు. పెట్రోల్ మీద లీటరుకు 9.48 ఉన్నది 21.48 అయింది. బంకు దగ్గర మనకు మిగలాల్సింది ఖజానాకు పోయింది. దాంతో లోటు తగ్గించుకోవడం తెలివైన పనా, మన జేబు కొట్టడమా అన్నది మీ కొలతను బట్టి. అదృష్టానికి మార్కులు వేయకండి, దాన్ని వాడుకున్న తీరుకు వేయండి.

కష్టానికీ అదే నియమం. కరోనా ఏడు మనకు మైనస్ 5.8 అయితే, 2020లో చైనా 2 శాతం పైన, బంగ్లాదేశ్ 3 శాతం పైన పెరిగాయి. "లోకమంతా మునిగింది" అనేవాడికి ఈ వరుస చూపించండి. మన దేశాన్ని మన పాత రోజులతోనే కాక, అదే వానలో తడిసిన పక్కింటివాళ్లతో కూడా పోల్చాలి.

అప్పు గురించి ఒక్క మాట. 2007-08లో ద్రవ్యలోటు, అంటే ఆదాయం చాలక కేంద్రం అప్పు తేవాల్సిన మొత్తం, జీడీపీలో 2.5 శాతం, 2008-09లో 6. ప్రపంచ సంక్షోభం వచ్చింది నిజమే, రైతు రుణమాఫీ చేసింది కూడా అప్పుడే. మా ఊళ్లో చాలామందికి బ్యాంకు పాస్‌బుక్ చేతికి తిరిగొచ్చింది, 2009లో ఆ ప్రభుత్వమే మళ్లీ గెలిచింది. ఆ తర్వాత నాలుగైదేళ్లు ధరలు ఏడాదికి పది శాతం అటూ ఇటూ పెరిగాయి. 2020-21లో లోటు 9.2, అది 2024-25కు 4.8కి దిగింది. కష్టకాలంలో లోటు పెరిగితే నేను తప్పు పట్టను, కష్టం తీరాక ఎంత తొందరగా దించారన్నదే చూస్తాను.

మార్కులు

ఆరు వరుసలకు విడివిడిగా పదికి ఎన్ని అని వేయండి. కూడకండి. కూడితే మళ్లీ ఒకే అంకె అవుతుంది, మళ్లీ అది ఫోన్‌లోకి ఎక్కుతుంది. అందరూ వేశాక, ఒకేసారి, అంటించిన కాగితాలు ఊడదీయండి.

మార్కులు పెన్నుతో వేయించండి. పోయిన దసరాకు నేను ఆ మాట చెప్పడం మరిచిపోయాను. మా తమ్ముడు "త" కాగితానికి ధరల వరుసలో ఎనిమిది వేశాడు. కాగితం ఊడదీసి పేరు చూశాక, వంటింట్లోకి పోయి మనవరాలి జామెట్రీ బాక్సులో రబ్బరు కోసం వెతుకుతుంటే మా ఇంటామె పట్టుకుంది.